ఆవు కన్ను, అత్తింటి ముక్కు

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఆవు కన్ను నయమైంది. ఆవు ఆ సమయానికి ముప్పై మైళ్ల అవతల, కొండ గట్ల వెనక, నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఉంది. దానికి ఎవరూ మందు వెయ్యలేదు.

ఈ సంగతి మొదట కనిపెట్టింది పశువుల ఆస్పత్రి పెద్ద డాక్టరమ్మ. ఆ ఉదయమే ఆమె స్వయంగా వెళ్లి ఆ ఆవు ఎడమ కంట్లో పుండు చూసింది. పుండు మీద తెల్ల మచ్చ కూడా చూసింది. మధ్యాహ్నం ఫొటో తీసి రేడియో పెట్టెలో పంపమని అక్కడి సహాయకుడికి చెప్పి, పెట్టె తయారుచేసిన కంపెనీకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు తెర మీద అదే ఆవు, అదే తొట్టి, పక్కన నీళ్లు తాగుతున్న ఇంకో ఆవు. ఎడమ కంట్లో మచ్చ లేదు. పుండూ లేదు.

"ఏమయ్యా," అంది కంపెనీ యజమానితో. "పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. ఇంత తొందరగా తగ్గిన కన్ను చూళ్లేదు. మందు కూడా అక్కర్లేదన్నమాట మీ పెట్టెకి."

యజమాని సంతోషించాడు. మందు గురించి తాము ఇంకా ఆలోచించలేదనీ, ఆ దిశగా కూడా చూస్తామనీ చెప్పాడు. ఆమె వేళాకోళం ఆడుతోందని అతనికి అర్థమయ్యేసరికి గదిలో మిగతా ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు.

ఆ ఇద్దరిలో ఒకరికి ఆఫీసులో 'డబుల్' అని పేరు. రెండో ఆమెకి 'ముక్కలమ్మ' అని పేరు. ఇద్దరూ ఇంజనీర్లే. పెట్టెలో ఉన్నది ముక్కలమ్మ పద్ధతి. రెండేళ్ల పని. అంతకుముందు నాలుగేళ్లు ఆమె కింది అంతస్తులో బిల్లుల విభాగంలో ఉండేది. ఆ గదికి కిటికీ లేదు. అక్కడి నుంచి పైకి రావడానికి ఆమె యజమాని చుట్టూ ఎనిమిది నెలలు తిరిగింది.

"శుక్రవారం మూడింటికి మళ్లీ వస్తా," అంది డాక్టరమ్మ లేస్తూ. "ఈలోగా ఆవుని పరాయి కన్నుతో చూపించడం మానెయ్యండి. నాకు జబ్బు కనబడాలి. అందం కాదు."

ఆమె కారు గేటు దాటాక యజమాని ముక్కలమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, శుక్రవారం కూడా ఇలాగే అయితే నేను చెయ్యగలిగింది లేదు. సోమవారం నుంచి మళ్లీ బిల్లుల్లో కూర్చో. వాళ్లు మనిషి కావాలని అడుగుతూనే ఉన్నారు."

"శుక్రవారం ఇలా అవదు సార్."

"ఆవుకి కూడా అదే చెప్పు," అన్నాడు డబుల్.

ఇక్కడ పెట్టె సంగతి కొంచెం చెప్పుకోవాలి.

కుదించిన ఫొటోకి ఒక జబ్బు ఉంది. కుదించడమంటే ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పకపోవడం. ఫొటోని గళ్లుగా కోసి, ఒక్కో గడి గురించి 'ముందు దానికంటే కాస్త నలుపు', 'దానికంటే ఇంకాస్త' అని మాత్రమే రాసుకుపోతారు. కొట్టు పక్కిల్లు, దాని పక్కిల్లు, దాని పక్కిల్లు అని అడ్రసు చెప్పినట్టు. మధ్యలో ఒక ఇల్లు చెవిన పడకపోతే అక్కణ్నుంచి వీధంతా తప్పే. ఫొటో ప్యాకెట్లుగా విడిపోయి గాల్లో వెళ్తుంది. గట్టు అడ్డమొచ్చి ఒక్క ప్యాకెట్ పోయిందంటే ఆ కింద ఉన్నదంతా చెదిరిపోతుంది. ఆవు నడుం దగ్గర తెగి, వెనక కాళ్లు ఆకాశంలో తేలుతాయి.

దీనికి డబుల్ దగ్గర మందు ఉండేది. ప్రతిదీ రెండుసార్లు పంపడం. పేరు అలా వచ్చింది. అతను ఇంట్లో కూడా ఏ మాటైనా రెండుసార్లు చెప్తాడని ఆఫీసులో అనుకునేవారు. అతను కాదన్నాడు, రెండుసార్లు. అయితే గట్టు అడ్డం ఉన్నంతసేపూ మొదటి ప్రతి వెనకే రెండో ప్రతి కూడా పోయేది. పట్టే టైం మాత్రం రెండింతలయ్యేది.

ముక్కలమ్మ వేరే దారి పట్టింది. ఫొటోని కొన్ని వందల ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ ముక్క సొంతంగా నిలబడేలా రాయించింది. పక్క ముక్క పోయినా దీనికి ఇబ్బంది లేదు. ప్రతి ముక్కకీ ఒక అంకె ఉంటుంది, తన చోటు తనకి తెలుస్తుంది. తర్వాత వాటిని పేక కలిపినట్టు కలిపింది. ఫొటోలో పక్కపక్కన ఉన్నవి ఒకే ప్యాకెట్‌లో ప్రయాణం చెయ్యవు. కాబట్టి గట్టు వరసగా పది ప్యాకెట్లు మింగినా ఫొటోలో ఒకచోట పెద్ద గుంట పడదు. అక్కడక్కడ చిన్న ఖాళీలు పడతాయి.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ ఖాళీలతోనే వచ్చింది. ఖాళీలు చూడ్డానికి బాగోవని యజమాని అన్నాడు. ముక్కలమ్మ వాటిని పూడ్చే ఏర్పాటు కూడా చేసింది. ఖాళీ అంచులు ఎలా ఉన్నాయో పెట్టె చూస్తుంది. అదే ఫొటోలో అలాంటి అంచులున్న చోటు ఎక్కడుందో వెతుకుతుంది. అక్కడి ముక్క తెచ్చి ఇక్కడ అతికిస్తుంది. మంగళవారం ఎడమ కన్ను ఉన్న ముక్క గట్ల మధ్య పోయింది. పెట్టె వెతికింది. పక్కావు కన్ను దొరికింది.

"మరి మీ అత్తగారింటివాళ్ల మీద ఎప్పుడూ ఇలా చెయ్యలేదే?" అని అడిగాడు యజమాని.

ఈ ప్రశ్న ఆ ఆఫీసులో ఎవరికీ వింతగా తోచదు. రెండేళ్లుగా పెట్టెని పరీక్షించింది ఒకే ఫొటో మీద. ముక్కలమ్మ భర్తగారి తాతగారికి, అంటే అత్తగారి నాన్నకి, తొంభై నిండినప్పుడు హాలు మెట్ల మీద తీసిన ఫొటో అది. నాలుగు వరసల్లో ముప్పై ఏడు మంది. పని మొదలుపెట్టిన రోజు ఆమె దగ్గర ఉన్న ఫొటోల్లో ఎక్కువ ముఖాలున్నది అదే. చెట్టులో కొమ్మ పోతే కంటికి ఆనదు, ముఖంలో కనుబొమ్మ పోతే వెంటనే తెలుస్తుంది, అందుకని ముఖాలే మంచివని ఆమె లెక్క. లెక్కలో తప్పు లేదు.

అలా ఆమె అత్తింటి బంధువర్గం మొత్తం ఆఫీసు నోట్లో పడింది. "పొద్దున చిన్నత్త గడ్డం పోయింది, మధ్యాహ్నానికి వచ్చేసింది." "పెద్దమావయ్య ఎడమ చెవి ఇంకా రాలేదు, ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం." ఒకసారి ముక్కలమ్మ బస్సులో ఫోన్‌లో "మా మరిది సగమే వచ్చాడండీ, నడుం కింద అంతా పోయింది, రేపు చూద్దాం" అంటే ముందు సీట్లో పెద్దావిడ లేచి ఆమెకి మంచినీళ్ల సీసా ఇచ్చింది.

అసలు ఫొటోతో పోల్చి పెట్టెకి వందకి మార్కులు వేస్తారు. తొంభై ఐదు దాటితే పాస్. గట్లు, వాన, పిడుగులు, ఏ నష్టం పెట్టి చూసినా అత్తింటి ఫొటో తొంభై ఏడుకి తగ్గలేదు. మంగళవారం సాయంత్రం మళ్లీ పెట్టి చూశారు. తొంభై ఎనిమిది.

"ఆవుదే తేడా," అన్నాడు యజమాని, కొంచెం ఆశగా.

ముక్కలమ్మ కూడా అలాగే అనుకుని ఇంటికి వెళ్లింది.

వాళ్లమ్మ ఆ అత్తింటి ఫొటో పంపమని చాలాకాలంగా అడుగుతోంది. ఆ సాయంత్రం గుర్తొచ్చింది. చేతిలో ఉన్నది పెట్టెలోంచి వచ్చిన ఫొటో. తొంభై ఎనిమిది మార్కుల ఫొటో కదా అని అదే పంపింది. పది నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఏమే, చూశా. అందరూ బాగున్నారు. నువ్వు లేవేంటి?"

"ఉన్నానమ్మా. మూడో వరస, కుడి చివర."

"అక్కడ మీ ఆడపడుచు ఉంది."

"వదిన రెండో వరసలో ఉంది. మూడో వరస చూడు. నీలం డ్రెస్."

"నీలం డ్రెస్ కనబడుతూనే ఉంది. నేను కొన్నదే. అది ఆ అమ్మాయికెందుకిచ్చావ్?"

"అమ్మా, కళ్లజోడు పెట్టుకో."

"పెట్టుకునే మాట్లాడుతున్నా. నిన్ను కన్నదాన్ని, నీ ముక్కు నాకు తెలీదా? ఇది మీవాళ్ల ముక్కు. మధ్యలో మెట్టుంది."

ముక్కలమ్మ ఫొటో పెద్దది చేసి చూసింది. మూడో వరస, కుడి చివర. నీలం డ్రెస్ తనది. జుట్టు తనది. కళ్లు తనవి. ముక్కు తనది కాదు.

ఆ ముక్కు గురించి ఆ ఇంట్లో తెలియనివాళ్లు లేరు. మధ్యలో మెట్టు, చివర కిందికి వంపు. తాతగారి ముక్కు అంటారు. ఆయన సంతానమందరికీ అదే వచ్చింది, వాళ్ల సంతానానికీ అదే వచ్చింది. ఆ రోజు ఫొటో కూడా తాతగారి రక్తం పంచుకున్నవాళ్లకే అని ముందే చెప్పారు. కోడళ్లూ అల్లుళ్లూ తర్వాతి ఫొటోకి అని ఒక పక్కన నిలబడ్డారు. అందరి చేతిసంచులూ ముక్కలమ్మ భుజాన ఉన్నాయి. చివర్లో ఫొటో తీసే అతను మూడో వరసలో ఒక మనిషి తక్కువ పడ్డారనీ, ఎవరో ఒకరు వచ్చి నిలబడమనీ కేకేశాడు. దగ్గరున్నది తను కాబట్టి సంచులు దింపి వెళ్లి నిలబడింది. ముప్పై ఏడు మందిలో బయటి ముక్కు అదొక్కటే.

ఆమె ఫోన్ పట్టుకుని హాల్లోకి వెళ్లింది. భర్త సోఫాలో పడుకుని టీవీ చూస్తున్నాడు. అత్తగారు పక్క కుర్చీలో బఠాణీలు ఒలుస్తోంది.

"ఈ ఫొటోలో నేనెలా ఉన్నాను?"

"బాగున్నావు," అన్నాడు భర్త.

"చూసి చెప్పండి."

అతను చూశాడు. "బాగున్నావు."

"ముక్కు?"

"ముక్కు ఉంది."

"ఎవరిది?"

ఇలాంటి ప్రశ్నలకి జవాబిస్తే ఏమవుతుందో పన్నెండేళ్ల కాపురంలో తెలిసినవాడు కాబట్టి అతను లేచి కూర్చుని తల్లి వైపు చూశాడు. అత్తగారు చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ఇదిగో, ఇప్పుడు నయం అమ్మాయ్," అంది. "ఇన్నాళ్లకి మా ఇంటి పిల్లలా ఉన్నావు. దీన్ని పెద్దది చేయించి తగిలిద్దాం."

"అత్తయ్యా, అది నేను కాదు."

"అందుకే అంటున్నా."

భర్త నవ్వు ఆపుకోవడానికి టీవీ సౌండ్ పెంచాడు. ముక్కలమ్మ ఫొటోని అతని ముఖం మీదికి జరిపింది. ఒకటో వరస, ఎడమ నుంచి నాలుగు. కాసేపు చూసింది.

"మీరూ మీరు కాదు," అంది. "ఆ ముక్కు మీ పెద్దమావయ్యది."

"నాకు తేడా తెలీట్లేదే."

"నాకూ తెలీలేదు. అదే గొడవ."

అత్తగారు బఠాణీల గిన్నె పక్కన పెట్టి ఇంకోసారి ఫోన్ అడిగింది. తన ముక్కు తనదేనా అని ఆమెకి అనుమానం పట్టుకుంది.

బుధవారం ఉదయం ముక్కలమ్మ ఆఫీసుకి వెళ్లీ వెళ్లగానే పెట్టె ఏ ముక్క ఎక్కణ్నుంచి తెచ్చి ఎక్కడ అతికించిందో బయటికి తీయించింది. రెండేళ్ల పరీక్షల్లో ఆ ఇంటి ముక్కులు వరసలు దాటి తిరిగాయి. చిన్నత్త గడ్డం మధ్యాహ్నానికి రాలేదు, వచ్చింది పెద్దత్త గడ్డం. పెద్దమావయ్యకి వచ్చిన చెవి వాళ్ల తమ్ముడిది. ఎక్కడ దేన్ని తెచ్చి అతికించినా ఒకే పోలిక కాబట్టి అసలుతో పోలిస్తే వెంట్రుకవాసి తేడా. పెట్టెకి తొంభై ఎనిమిది. ముక్కలమ్మ ముఖం చెడిందంటే ముప్పై ఏడులో ఒకటి. అదీ చివర. రెండు మార్కులు అక్కడ పోయాయి.

అంటే పాసైంది పెట్టె కాదు. తాతగారి పోలిక.

ఆమె డబుల్‌ని పిలిచి చూపించింది.

"రెండేళ్లు నేనూ చూశా కదా ముక్కలమ్మా," అన్నాడు. "రోజూ చూసినవాళ్లం. ఒక్కరి ముక్కూ మనకి ఆనలేదు."

"మీరు మా బంధువు కాదు కాబట్టి సరిపోయింది. నేను కోడల్ని."

"ఇంకో ఫొటో మీద పెట్టి చూద్దాం."

ఆఫీసులో ఉన్నవాళ్లందరినీ మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశారు. పదహారు మంది, పదహారు ఇళ్లవాళ్లు. అదే నష్టం పెట్టి పంపారు. డెబ్బై నాలుగు వచ్చింది. రిసెప్షన్ అమ్మాయికి క్యాషియర్ మీసం మొలిచింది. యజమానికి ఒక కన్ను వాచ్‌మన్‌ది వచ్చింది. అది ఆయన సొంత కన్నుకంటే జాగ్రత్తగా చూస్తోందని డబుల్ అన్నాడు. మీసం సంగతి బయటపడకుండా ఆ ఫొటో తీసెయ్యమని రిసెప్షన్ అమ్మాయి బతిమాలింది. అప్పటికే అది కింది అంతస్తు దాకా వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్నే ముక్కలమ్మ యజమాని గదికి వెళ్లింది. డబుల్ పిలవకుండానే వెంట వచ్చాడు.

"సార్, పూడ్చడం తీసేస్తున్నాను."

"తీసేసి ఏం పెడతావ్?"

"ఏమీ పెట్టను. రాని చోట అడ్డగీతలు కొడతాను. ఇక్కడ మాకేమీ అందలేదు అని కనబడాలి."

యజమాని కలం కింద పెట్టాడు. "చిరుగులున్న బట్ట చూపించి కొనమంటామా?"

"చిరుగు మీద వేరే బట్ట అతికించి చూపించాం సార్ మొన్న. ఏమైందో చూశారుగా."

"ఆవిడకి నేను మాటిచ్చా. తెర మీద ఒక్క మచ్చ కూడా కనబడదని."

"మాట నిలబెట్టుకున్నాం కదండీ," అన్నాడు డబుల్. "కంట్లో మచ్చ కూడా కనబడలేదు."

యజమాని అతని వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. అరవై మందికి జీతాలిస్తున్నాడు.

"ఇంకొంచెం బాగా వెతికేలా చెయ్యొచ్చు కదమ్మా. సరైన ముక్కే తెచ్చేలా."

"సరైన ముక్క గట్టు దగ్గర పోయింది సార్. ఫొటోలో ఎంత వెతికినా అది లేదు. మనం ఎంత బాగా చేస్తే అబద్ధం అంత బాగుంటుంది."

"డాక్టరమ్మ గీతలు చూసి లేచి వెళ్లిపోతే?"

"సోమవారం నుంచి బిల్లుల్లో కూర్చుంటాను."

"ఆ మాట నువ్వే అన్నావు, నేను కాదు."

"ముందు మీరే అన్నారు సార్."

ఆయన ఒప్పుకున్నాడని చెప్పలేం. వద్దనలేదు.

ఆ రోజంతా ఇద్దరూ పెట్టె ముందు కూర్చున్నారు. పూడ్చే భాగం తీసెయ్యడానికి అరగంట పట్టింది. రెండేళ్లలో సగం పని అదే. తర్వాత నష్టం పెంచుతూ పోయారు. నాలుగోసారి తెర మొత్తం నల్లబడింది. ముక్కలన్నీ అందాయి, ఫొటో తెరుచుకోలేదు.

"తలకాయ పోయింది," అన్నాడు డబుల్.

ఫొటోకి ముందు ఒక చిన్న ప్యాకెట్ వెళ్తుంది. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, రంగులు ఎలా చదవాలి అన్నవి అందులో ఉంటాయి. అది పోతే మిగతా ముక్కలు వందలు వచ్చినా వాటిని చదవడం ఎలాగో ఎవరికీ తెలీదు. ఇన్నాళ్లూ అది పోకపోవడం అదృష్టం.

ముక్కలమ్మ నుదురు రుద్దుకుంది. డబుల్ గొంతు సవరించుకున్నాడు.

"అనొద్దు," అంది ఆమె.

"నేనేమీ అనలేదు."

"అనబోతున్నారు."

"రెండుసార్లు పంపు."

ఆమె కొంచెంసేపు లెక్క వేసింది. అదొక్కటి చాలా చిన్నది. మొదట్లో ఒకసారి, మిగతావాటిలో సగం వెళ్లాక ఇంకోసారి పంపితే రెండూ ఒకే గట్టుకి బలికావు. టైం కూడా పెరగదు.

"సరే," అంది. "దాన్ని మాత్రం."

"ఈ ఆఫీసులో నా మాట విన్నవాళ్లు మొదటిసారి కనబడ్డారు."

"ఇంకోసారి చెప్పకండి, మనసు మారుతుంది."

శుక్రవారం మూడింటికి ఐదు నిమిషాలుందనగా డాక్టరమ్మ వచ్చింది. బూట్లకి బురద. కుర్చీ లాక్కుని తెరకి దగ్గరగా కూర్చుంది. యజమాని స్వాగతం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపింది. రేడియోలో అవతల సహాయకుడి గొంతు వినబడింది. ఈసారి వేరే ఆవు, రెండు రోజులుగా వెనక కుడికాలు ఎత్తి ఎత్తి వేస్తోంది. కాలెత్తి పట్టుకుని గిట్ట ఫొటో తీశానన్నాడు. పంపుతున్నానన్నాడు.

ఫొటో వచ్చింది. గిట్ట, బురద, గడ్డి, పట్టుకున్న చెయ్యి. వాటి మధ్య చాలా చోట్ల అడ్డగీతల గళ్లు. యజమాని కళ్లు మూసుకున్నాడు.

"ఈ గీతలేంటి అమ్మాయ్?" అంది డాక్టరమ్మ.

"అవి రాలేదండీ."

"అక్కడేముంది?"

"మాకు తెలీదు."

"మొన్న అన్నీ తెలుసన్నారు?"

"మొన్న తెలీకుండా తెలుసన్నాం. ఇవాళ తెలీదని తెలిసి చెప్తున్నాం."

డాక్టరమ్మ ఆమెని ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత తెర వైపు తిరిగి వేలు పెట్టి ఒక్కో గడీ చూపించసాగింది.

"ఇది గడ్డి. అక్కర్లేదు. ఇది వాడి చెయ్యి, అదీ అక్కర్లేదు. ఇది బురద." గిట్ట రెండు పాయల మధ్య ఉన్న గీతల మీద వేలు ఆగింది. "ఇదొక్కటి కావాలి. మళ్లీ మొత్తం ఫొటో పంపమంటే ఆ ఆవు కాలు ఇవ్వదు. వాడు ఒకసారి పట్టుకున్నదే ఎక్కువ."

అలా ఎవరైనా అడుగుతారని ముక్కలమ్మ ఎప్పుడూ అనుకోలేదు. పూడ్చే పనిలో ఉన్నన్నాళ్లూ ఖాళీని అడగడానికి ఏముంటుంది? దానికి మీట పెట్టలేదు. కానీ ముక్కలన్నిటికీ అంకెలున్నాయి, ఫొటో అవతల పెట్టెలో ఇంకా ఉంది, ఒక ముక్క వెళ్లడానికి ఇంకో ముక్కతో పని లేదు. ఆమె కీబోర్డు లాక్కుని ఆ ముక్క అంకె వేసి, దీన్ని పంపు అని కొట్టింది.

ఏమీ రాలేదు.

"పోయినట్టుంది," అంది నెమ్మదిగా.

డబుల్ పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె అదే అంకె మళ్లీ కొట్టింది.

గీతలు పోయి ఆ చోట ముక్క వచ్చి కూర్చుంది. బురద. బురదలో గుండ్రంగా, బఠాణీ గింజంత, నల్లటి చుక్క.

డాక్టరమ్మ రేడియో అందుకుంది. "ఒరేయ్, గిట్ట పాయల మధ్య మేకుంది చూడు."

"చూశానండీ డాక్టరమ్మా, ఏమీ లేదు, బురదే."

"కడిగి చూశావా?"

అవతల నీళ్ల చప్పుడు వినబడింది. ఎవరో ఆవుని బుజ్జగించారు, తర్వాత తిట్టారు, తర్వాత మళ్లీ బుజ్జగించారు.

"ఉందండీ. తల కనబడుతోంది."

"చేత్తో లాగకు. పట్టకారు తీసుకో. మందు పెట్టి కట్టు కట్టు. నేను సాయంత్రం వస్తున్నా." ఆమె రేడియో కింద పెట్టి యజమాని వైపు తిరిగింది. "ఆరు పెట్టెలు కావాలి."

"తప్పకుండా డాక్టరమ్మా. ఆ గీతలు చూడ్డానికి ఇబ్బందిగా ఉంటే అవి లేకుండా..."

"గీతలు తీశావంటే ఆరూ నీ గుమ్మంలో పడేసి పోతా. ఇప్పుడు అడిగిన ముక్క వచ్చిందే, దానికి ఒక మీట పెట్టించు. మావాళ్లకి అంకెలు కొట్టడం రాదు. వేలితో తాకితే రావాలి." బయటికి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది. "బిగించడానికి ఈ అమ్మాయి రావాలి. ఇంకెవర్నో పంపితే మళ్లీ పక్కావు కన్ను పెట్టి పోతారు."

ఆమె వెళ్లాక యజమాని కాసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు బిల్లుల విభాగానికి ఫోన్ చేశాడు. సోమవారం పంపుతానన్న మనిషి రావడం లేదనీ, ఇంకెవర్నైనా చూసుకోమనీ చెప్పాడు. అవతలివాళ్లు ఏదో అన్నారు. "నేను మాటిచ్చింది నిజమే," అన్నాడు ఆయన. "ఈ వారం నా మాటలు ఏవీ నిలబడట్లేదు."

మీట పెట్టడానికి శని, ఆదివారాలు పట్టాయి. సోమవారం ఉదయం ముక్కలమ్మ, డబుల్ కంపెనీ వ్యానులో గట్ల వెనక్కి వెళ్లారు. పశువుల కొట్టం పైకప్పు మీద మొదటి పెట్టె బిగించారు. నిచ్చెన సహాయకుడు పట్టుకున్నాడు. అతని ఎడమ మోకాలికి కట్టు ఉంది.

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అక్కణ్నుంచి మొదటి ఫొటో ఆస్పత్రికి చేరింది. అందులో నాలుగు ముక్కలు రాలేదు. డాక్టరమ్మ వాటిలో ఒకటి అడిగింది.